మా బండి ఆగని స్టాపు

ఆ వేసవిలో మా ఆయన ఒక్క స్టాపులో బస్సు ఆపడం మానేశాడు.

మిగతా అన్నిచోట్లా ఆపేవాడు. కుక్క అడ్డొస్తే ఆపేవాడు. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చెయ్యెత్తింది బండి కోసమో, నుదుటి చెమట తుడుచుకోవడానికో తెలియకపోయినా ఆపేవాడు. ఆ ఒక్క స్టాపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మెడ బిగిసిపోయేది, చూపు రోడ్డు చివరికి వెళ్లిపోయేది, బండి ఇంకాస్త వేగం అందుకునేది. వెనక నుంచి నేను బెల్లు కొడుతూనే ఉండేదాన్ని. అక్కడ దిగాల్సినవాళ్లు తర్వాతి స్టాపులో దిగి, నన్ను నానా మాటలూ అని, ఎండలో వెనక్కి నడుచుకుంటూ పోయేవాళ్లు. కండక్టరన్నాక మాటలు పడటం కొత్తేమీ కాదు. అవన్నీ న్యాయమైన మాటలు కావడమే కొత్త.

ఆయన డ్రైవరు, నేను కండక్టర్ని. పెళ్లికి ముందు నుంచీ ఒకే డిపో. పెళ్లయ్యాక వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఒకే బండి వేయించుకున్నాం. ఇంట్లో నేను ఆయన్ని నువ్వు అంటానని మా అత్తయ్యకి కొంచెం గుర్రు. బస్సులో పొద్దుటి నుంచీ 'డ్రైవర్ గారూ, డ్రైవర్ గారూ' అంటూనే ఉన్నాను కదా, ఆ మర్యాద చాలదా అని నేను. అలా సరదాగా కీచులాడుకుంటూ బతికే ఇల్లు మాది. రంగులాయన పోయిన రోజు నుంచి ఆ కీచులాటలు కూడా లేకుండా పోయాయి.

రంగులాయన అంటే ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. మా బండికి ఏళ్ల తరబడి అలవాటైన మనిషి. ఎండాకాలం తెల్లవారకముందే పనిలోకి దిగి, మధ్యాహ్నానికి సామాను సర్దేసి మా బండే ఎక్కేవాడు. ఎంత కడుక్కున్నా చెవి తమ్మెల మీదో, కనుబొమల్లోనో రంగు మిగిలిపోయేది. ఏ వీధిలో ఎవరింటికి ఏ రంగు పడుతోందో మా బస్సులో అందరికీ ఆయన మొహం చూస్తేనే తెలిసేది. ఎక్కీ ఎక్కగానే కునుకు తీసేవాడు. తన స్టాపు వచ్చేసరికి ఎవరూ లేపకుండానే లేచి దిగిపోయేవాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా స్టాపు తప్పిపోలేదు.

ఆ రోజు ఆయన కనుబొమల్లో నీలం రంగుంది. ఇవాళ ఎవరింట్లో ఆకాశం వేసొచ్చారని అడిగాను. మామూలుగా అయితే ఏదో ఒక జవాబు చెప్పి నవ్వించేవాడు. ఆ రోజు చెయ్యి ఊపాడంతే. టికెట్టు చింపి ఇద్దామని చూసేసరికి మొహం సున్నం కొట్టినట్టుంది, చొక్కా తడిసి ముద్దయిపోయింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పక్కసీటు మనిషి మీదకి ఒరిగిపోయాడు.

'డ్రైవర్ గారూ' అని గట్టిగా అరిచాను. మా ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, ఏమీ అడగకుండా లైట్లు వేసి, హారన్ మీద చెయ్యి పెట్టాడు. రూటు వదిలేసి ఆస్పత్రికి పోతున్నాం, గట్టిగా పట్టుకోండని అందరికీ నేనే అరిచి చెప్పాను. ఒక్కరు కూడా నా పని ఏమవుతుందని అడగలేదు. నలుగురు పట్టి రంగులాయన్ని సీట్ల మధ్య నేల మీద పడుకోబెట్టారు. నేను కింద కూర్చుని తల ఒళ్లో పెట్టుకున్నాను. ఎవరో చెంగుతో విసురుతున్నారు. ఊపిరి ఆడుతోంది, చిన్నగా, ఆగి ఆగి.

ఆస్పత్రికి వెళ్లే దారిలోనే రంగులాయన స్టాపు. అక్కడ ఎప్పటిలాగే నలుగురైదుగురు నిలబడి చేతులెత్తారు. ఇన్నేళ్లుగా అక్కడ చేతులు లేస్తే మా ఆయన కాలు బ్రేకు మీదకి పోతుంది. ఆ రోజు సంగతి ఆ కాలికి ఎవరూ చెప్పలేదు. బండి ఆగింది. తలుపు తెరుచుకుంది.

రెండు సంచులతో ఒకావిడ ఎక్కేసి, మార్కెట్టుకి పోతుందా లేదా అని బేరం మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఇంకొకాయన ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అప్పటికి గాని మా ఆయనకి తాను చేసిందేమిటో తెలియలేదు. "దిగండమ్మా, దిగండి" అని అరిచాడు. ఆ గొంతు నేనెన్నడూ విన్నది కాదు. ఆవిడ కంగారుపడి దిగబోతే సంచి తలుపులో ఇరుక్కుంది. దాన్ని లాగడం, ఆవిడని దింపడం, తలుపు మూయడం, ఇదంతా ఎంతసేపు పట్టి ఉంటుంది? పెద్దగా ఏం పట్టదు. టికెట్టుకి చిల్లర వెతుక్కునేంత సేపు.

ఆ కాసేపట్లోనే రంగులాయన కళ్లు తెరిచాడు. తలుపు చప్పుడుకి కాబోలు. పక్కనున్న సీటు కడ్డీ పట్టుకుని లేవబోయాడు. ఒక మాట అన్నాడు. నేను భుజం పట్టి మళ్లీ పడుకోబెట్టాను. బండి కదిలింది. మలుపు తిరిగాక ఊపిరి ఆగిపోయింది.

అప్పుడు ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. ఒకప్పుడు డిపోలో అందరినీ కూర్చోబెట్టి రబ్బరు బొమ్మ మీద నేర్పారు ఆ పని. బొమ్మకి ఎముకలుండవు. చేతి కింద ఏదో పటుక్కుమన్నా ఆపలేదు, ఆస్పత్రి వాకిట్లో ఎవరో వచ్చి నన్ను పక్కకి లాగేదాకా నొక్కుతూనే ఉన్నాను. డాక్టరు చూసి, ఇంకేం లేదన్నారు. స్ట్రెచర్ తోసే మనిషి మాత్రం, తోసుకుంటూ పోతూ పోతూ, కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని ఒక మాట అనేసి పోయాడు. అలాంటి మాట అతను రోజుకి ఎన్నిసార్లంటాడో. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. విన్నాడు.

బండి డిపోలో పెట్టి ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అడిగాడు.

"స్టాపులో ఆపినప్పుడు ఉన్నాడా?"

"లేడు. అంతకుముందే అయిపోయింది" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. ఎదుటి మనిషి పడిపోతుంటే చెయ్యి చాచినట్టు, దానంతట అది వచ్చేసింది. ఆయన ఊఁ అన్నాడు. నమ్మాడనుకున్నాను.

*

అబద్ధం ఒకసారి చెప్పడం తేలిక. దాన్ని రోజూ మేపాలి, అదే కష్టం. ఆయన మళ్లీ అడిగేవాడు కాదు గానీ, అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. అలా ఆగినప్పుడల్లా నేనే ఎత్తుకునేదాన్ని. ఎక్కినప్పుడే మనిషి అయిపోయాడనీ, నా ఒళ్లో పెట్టుకునేసరికే చేతులు చల్లబడ్డాయనీ, దేవుడు దిగొచ్చినా చేసేదేమీ లేదనీ. చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం కలిపేదాన్ని. ఆయన వినేవాడు, తల ఊపేవాడు, ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. హమ్మయ్య అనుకునేదాన్ని. మర్నాడు మళ్లీ మొదటికే.

పొద్దుటి డ్యూటీ అయి ఇంటికొచ్చాక మధ్యాహ్నం కాసేపు పడుకోవడం మాకు అలవాటు. ఆయనకి నిద్ర పట్టేది కాదు. పట్టినా కుడికాలు ఊరుకునేది కాదు, మంచం పట్టెని తన్ని పట్టి ఉంచేది. పిక్క రాయిలా బిగుసుకుపోయేది. నేను లేచి కూర్చుని ఆ కాలు నొక్కేదాన్ని. నొక్కుతూ ఉంటే నా చేతులకి ఇంకో మనిషి భుజం తగిలేది. లేవబోతున్న భుజం, నేను కిందకి అదిమిన భుజం. నాకు మాత్రం ఎవరున్నారు చెప్పుకోవడానికి? ఉన్న ఒక్క మనిషికీ అంతకుముందే అయిపోయిందని చెప్పి కూర్చున్నాను.

డిపోలో ఆయన్ని తెగ మెచ్చుకున్నారు. నిండు బస్సుని ఆస్పత్రికి మళ్లించిన మనిషని పెద్దసారు అందరినీ పిలిచి మైకులో చెప్పారు, చప్పట్లు కొట్టించారు. మా ఆయన ఆ చప్పట్ల మధ్య దొంగతనం చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు. స్టాపులో ఆగిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ బస్సులో ఉన్నవాళ్లని ఇప్పుడు అడిగినా, ఎక్కడా ఆగకుండా తీసుకుపోయాడనే చెబుతారు.

ఆ మర్నాటి నుంచే ఆ స్టాపులో ఆపడం మానేశాడు. మొదటిసారి పరధ్యానం అనుకున్నాను. రెండోసారి బెల్లు పాడైందేమో అనుకున్నాను. మూడోసారి ఇంకేమీ అనుకోవడానికి మిగల్లేదు. అక్కడ దిగేవాళ్లని ముందు స్టాపులోనే దింపేయడం మొదలుపెట్టాను. ముందు రోడ్డు తవ్వుతున్నారని కొన్నాళ్లు, ఆ స్టాపు మారిపోయిందని కొన్నాళ్లు. అలవాటైన ముసలాయన ఒకాయన, తవ్వే రోడ్డు తనకి కనబడదేమని అడిగాడు. కళ్లజోడు మార్చుకోమని చెప్పాను. అంత పొగరుగా మాట్లాడే మనిషిని కాను నేను.

డిపోకి ఫిర్యాదులు వెళ్లాయి. ఆఖరి స్టాపులో ఉండి బళ్ల టైములు చూసే కంట్రోలరు మంచివాడే, మమ్మల్ని పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మా ఆయన్ని బండి దింపేసి షెడ్డులో టైర్లకి గాలి కొట్టే పని ఇవ్వాల్సి వస్తుందన్నాడు. స్టీరింగు తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి ఆయన. ఆ మాట వింటే ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. షెడ్డులో నీడగా ఉంటుంది కదా సార్ అన్నాడు.

ఆ మాటకి నాకు భయం వేసింది. చిరాకుపడే మనిషిని సముదాయించొచ్చు, ఏడ్చే మనిషిని పట్టుకోవచ్చు. ఏదైనా పరవాలేదనే మనిషిని ఎక్కడ పట్టుకోవాలి?

*

స్కూళ్లు తెరిచే రోజులు దగ్గర పడుతుండగా, ఒక పొద్దున ఆ స్టాపులో రంగులాయన భార్య కనబడింది. ఆస్పత్రి వరండాలో ఒక్కసారి చూశానంతే, అయినా గుర్తుపట్టాను. టిఫిను డబ్బా సంచి చేత్తో పట్టుకుని, మా బండిని చూసి చెయ్యెత్తింది. బండి ఆగలేదు. కిటికీలోంచి నాకు ఆవిడ మొహం దగ్గరగా కనబడి వెనక్కి పోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మా ఆయన మెడ మీద చెమట ధారగా కారుతోంది.

తర్వాతి రోజు ఆవిడ ముందు స్టాపు దాకా నడిచి వచ్చి అక్కడ ఎక్కింది. మా బస్సులో ఆడవాళ్ల సీట్లు ముందున్నా, ఆవిడ ఎందుకో వెనక్కి, నా దగ్గరికే వచ్చింది. ఎండలో నడిచి మొహం కందిపోయింది. మార్కెట్టు దగ్గర బట్టల దుకాణంలో మడతలు పెట్టే పనికి కుదిరిందట. రోజూ ఆలస్యమవుతోందని యజమాని మొహం ముడుచుకుంటున్నాడట.

"మా స్టాపులో మీ బండి ఆగట్లేదు కండక్టరమ్మా" అంది. "ఆయన పోయాడని స్టాపు కూడా ఎత్తేశారా?"

కోపం లేదు ఆ మాటలో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. రేపు ఆగుతుందని చెప్పాను. ఎవరి నోటితో చెప్పానో నాకే తెలియదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆయన చెప్పులు విప్పకముందే ఎత్తుకున్నాను. వంటగదిలో అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ వినకూడదని మొదట గొంతు తగ్గించాను గానీ, కాసేపటికి ఆ సంగతే మర్చిపోయాను.

"రేపు అక్కడ బండి ఆపాలి."

"ఆవిడ నన్ను చూడటానికే నిలబడుతోంది" అన్నాడు. "రోజూ వచ్చి నిలబడి, వీడే కదా అని చూస్తుంది."

"ఆవిడ పనికి పోవడానికి నిలబడుతోంది. నిన్ను చూడటానికి రోజూ ఎండలో నిలబడాలా? నువ్వు అంత అందగాడివేం కాదు."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి నవ్వేవాడు. మంచం మీద కూర్చుని, తనవల్ల కాదన్నాడు. అక్కడికొచ్చేసరికి కాలు వినదన్నాడు. అప్పుడు వినకూడని కాలు వింది, ఇప్పుడు వినాల్సిన కాలు వినట్లేదు అన్నాడు. అంత పొడుగు మాట ఆ వేసవిలో అదే మొదటిది. నేను మళ్లీ నా పాత పాట అందుకున్నాను. స్టాపుకీ దానికీ సంబంధమేముంది, మనిషి అంతకుముందే అయిపోయాడని చెబుతున్నాను కదా అని. ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అలసిపోయిన పిల్లల్ని చూసినట్టు.

అత్తయ్య కత్తి పక్కన పెట్టి, ఉల్లి ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే, మీ నాన్న పోయినప్పుడు నాకు ఎవరి మొహం చూసే తీరికైనా ఉందిట్రా? ఇంట్లో బియ్యం ఉన్నాయా లేదా, నీ ఫీజు కట్టామా లేదా, అదే చూసుకున్నాను. పాపం ఆవిడకి బండి కావాలి. నువ్వెవరో ఆవిడకెందుకు? ఆపి ఎక్కించుకో."

చెప్పి మళ్లీ లోపలికి పోయింది. ఆయన చెప్పులు విప్పుకున్నాడు.

*

మర్నాడు ఆపాడు. అక్కడికి చాలా ముందు నుంచే బండిని నెమ్మది చేసుకుంటూ, కొత్తగా నేర్చుకునేవాడిలా కుదుపుకుంటూ, స్టాపు దాటి కొంచెం ముందుకి పోయి ఆపాడు. రంగులాయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చి ముందు తలుపులోంచి ఎక్కి, డ్రైవరు వెనక సీట్లోనే కూలబడింది. ఇంకెవరూ ఎక్కలేదు, దిగలేదు. వెనక కొద్దిమందే ఉన్నారు. నేను టికెట్టు ఇవ్వడానికి ముందుకి వెళ్లాను. నేను రైట్ అంటే గాని బండి కదలదు కాబట్టి ఆయన ఎదురు చూస్తున్నాడు. స్టీరింగు మీద వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

ఆవిడ టికెట్టు తీసుకుని నా చెయ్యి వదల్లేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆయన తల నీ ఒళ్లోనే ఉందట కదా. భయపడ్డాడా?"

వేసవంతా నేను సిద్ధం చేసి పెట్టుకున్న జవాబు ఒకటుంది. ఎక్కినప్పుడే అయిపోయాడని. అది చెబితే సరిపోతుంది. మూరెడు దూరంలో మా ఆయన వీపు ఉంది, ఆ వీపుకి ఆ జవాబే కావాలి. కానీ నా ఎదురుగా ఉన్న మొహానికి అది చాలదు. ఆవిడ అడిగింది ఎప్పుడు పోయాడని కాదు, ఎలా ఉన్నాడని. అది తెలిసినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే. మా ఆయన్ని కాపాడుకోవడం కోసం ఆవిడ మొగుడి ఆఖరి మాట నేను నొక్కి పెట్టేశాను.

నాకు ఓపిక అయిపోయింది. ధైర్యం వచ్చి చెప్పానని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

"భయపడలేదక్కా" అన్నాను. "ఇక్కడే, ఈ స్టాపులోనే బండి ఆగితే కళ్లు తెరిచాడు. తలుపు చప్పుడుకి. కడ్డీ పట్టుకుని లేవబోయాడు. 'వచ్చేశామా, దిగుతానమ్మా' అన్నాడు. నేనే భుజం పట్టి పడుకోబెట్టేశాను. దిగనివ్వలేదు."

ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. స్టాపు వెనక సందు, సందులో మూడో నాలుగో ఇల్లు కాబోలు వాళ్లది.

"ఆ పరిస్థితిలో ఎవరు మాత్రం దిగనిస్తారు" అంది. నా చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. "ఇంటికొచ్చేశాననుకున్నాడన్నమాట. నేనింకా, దారిలో ఎక్కడో నా కోసం వెతుక్కుంటూ పోయాడేమోనని..." మాట పూర్తి చెయ్యలేదు. కళ్లు ఒత్తుకుంది. తర్వాత, ఏదో ఇంటి విషయం చెబుతున్నట్టు, "నిద్రలో కూడా అంతే, స్టాపు తప్పేవాడు కాదు" అంది.

వెనక నుంచి ఎవరో, రైటా కాదా అని అడిగారు. మా ఆయన వెనక్కి తిరగలేదు. నేను చెప్పకుండానే గేరు వేసి, బండిని చాలా నెమ్మదిగా కదిలించాడు. ఆవిడ దిగే చోట చెప్పకుండానే ఆపాడు. ఆవిడ దిగి, ముందు నుంచి రోడ్డు దాటుతూ ఆయన వైపు చూసి, వస్తాను బాబూ అన్నట్టు తల ఊపింది. ఆయన కూడా తల ఊపాడు.

*

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. మామూలుగా మేము దిగి టీ తాగే సమయం అది. ఆయన దిగలేదు. ఇంజను ఆపి, అలాగే సీట్లో కూర్చున్నాడు. నేను వెళ్లి ఇంజను మూత మీద కూర్చున్నాను, ఇంకా వేడిగా ఉంది. తిడతాడని అనుకున్నాను. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పావా అంటే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

"దిగుతానన్నాడా?" అని అడిగాడు.

"ఊఁ."

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"అంతే."

ఆయన తల పైనున్న అద్దం వైపు చూశాడు. జనం ఎక్కేదీ దిగేదీ చూసుకునే అద్దం.

"లేవడం చూశాను" అన్నాడు. "తలుపు మూద్దామని అద్దంలోకి చూస్తే లేస్తున్నాడు. నోరు కదిలింది. ఇంజను మోతలో వినబడలేదు. నన్నే ఏదో అంటున్నాడనుకున్నాను."

ఆ మాట నాలోకి దిగడానికి కొంచెం సేపు పట్టింది. అంటే మొదటి రోజు నుంచీ తెలుసు. ఇంటికి నడిచి వస్తూ అడిగినప్పుడే తెలుసు. అన్నం ముందు నేను అల్లిన కథలన్నీ తెలిసే విన్నాడు.

"ఏమంటున్నాడనుకున్నావు?"

"ఎందుకు ఆపావురా అని." గొంతు సవరించుకున్నాడు. "అక్కడ ఆపితే అద్దంలోకి చూడాలి కదా. చూస్తే మళ్లీ లేస్తాడు."

నాకు ఒళ్లు మండింది. నిజంగానే మండింది. వేసవంతా ఒక్కదాన్నే మోస్తున్నానని ఎంత అల్లాడాను, ఎన్ని మధ్యాహ్నాలు ఆ కాలు నొక్కుతూ నాలో నేను కుమిలిపోయాను. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. ఏమన్నాడని నన్ను ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయిందన్నాను.

"నువ్వు నా కోసం అంత కష్టపడి చెబుతుంటే, అబద్ధమని ఎలా అనను?" అన్నాడు.

బయట బల్ల మీద టీ కొట్టాయన గ్లాసులు కడుగుతున్నాడు. కాసేపటికి, ఇన్నాళ్లూ నేను ఎక్కడ అడుగుతాడోనని భయపడి చచ్చిన మాట ఆయన అడిగేశాడు.

"ఆపకుండా పోయుంటే బతికేవాడా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటైపోయింది కదా. ఆయన నా వైపు చూస్తున్నాడు. మళ్లీ నమ్మినట్టు తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు, నా కోసం.

"తెలీదు" అన్నాను.

"నాకూ తెలీదు" అన్నాడు.

స్టీరింగు మీద రెండు చేతులూ మడిచి, వాటి మీద తల పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని వంగి చూశాను. నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని, ఊపిరి బరువుగా, నిండుగా తీస్తూ.

తిరుగు ట్రిప్పుకి జనం వచ్చి ఒక్కొక్కరే ఎక్కి కూర్చున్నారు. టైము దాటింది. ఒకాయన బండి కదలదా అని గట్టిగా అడిగితే నెమ్మదిగా మాట్లాడమని సైగ చేశాను. అవతల నుంచి కంట్రోలరు విజిలు వేసుకుంటూ మా బండి వైపే వస్తున్నాడు. నేను చప్పుడు కాకుండా మెట్లు దిగి ఎదురు వెళ్లి, కాస్త ఆగండి సార్, మా ఆయన నిద్రపోతున్నాడని చెప్పాను.